నాలుగో సిలిండర్ ఆయాసం

అన్న పోయాక లారీ రిపేరు చేయించి ఇంటికి తోలుకొచ్చిన రోజున వదిన ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"ఆపీ బాబూ, ఆపీ. అది మీ అన్న ఆయాసం" అంది.

నాకు ఒళ్లు మండింది. పలాస షెడ్డు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి ఇంజన్ హెడ్డు పని పూర్తి చేయించింది ఈ మాట పడటానికా అనుకున్నాను. కానీ చెవి పెట్టి వింటే ఆవిడ మాట కొట్టెయ్యలేకపోయాను. ఇంజన్ కాసేపు సరిగ్గా కొట్టుకుని, ఒక దెబ్బ మింగి, మళ్లీ ఎగశ్వాసగా లాగుతోంది. వెనక నల్లటి పొగ. కిడ్నీలు చెడి, ఒంట్లో నీరు చేరి, మంచం మీద కూర్చునే కునుకు తీసిన ఆఖరి రోజుల్లో అన్న ఊపిరి అచ్చం ఇలాగే ఉండేది. మా ఉద్దానంలో ఆ ఊపిరి వినని ఇల్లు తక్కువ.

ఆ చప్పుడు పోకపోతే బండిని టెక్కలి తుక్కు వ్యాపారికి ఇచ్చేస్తానని వదిన తేల్చి చెప్పింది. బండి ఆవిడది, కాదనడానికి నేనెవర్ని? కానీ నాకు స్టీరింగ్ పట్టడం నేర్పిన బండి అది. అన్న కూర్చుని కూర్చుని పడిన సీటు గుంటలోనే నేనూ కూర్చుంటాను. దాన్ని ముక్కలుగా కోస్తారంటే అన్నకి రెండోసారి శవపెట్టె చేయిస్తున్నట్టు అనిపించింది.

ఊరి నోటికి మూత ఉండదు కదా. వాడింకా బండిని వదల్లేదు, నిమ్మకాయలు తొక్కించండి అన్నవాళ్లున్నారు. మాది బాప్టిస్టు సంఘం, మాకు దెయ్యాల్లేవని గట్టిగానే కసిరాను. పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ సేపంతా ఇంజన్ ఆపే ఉంచాను. ఆయనకి కూడా ఆ ఊపిరి వినిపిస్తుందేమోనని భయమేసింది.

మర్నాడు పొద్దున్నే బండిని మళ్లీ పలాస తీసుకెళ్లాను. షెడ్డు మేస్త్రి నాకు వరసకు బావ. నడవగా నడవగా సర్దుకుంటుందిలే అని నన్ను పంపించింది అతనే. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కినట్టు, ఇప్పుడు డీజిల్ మంచిది కాదని నా మీదే ఎగిరాడు. నేనూ నాలుగు దులిపాను. తర్వాత ఇద్దరం పనిలో పడ్డాం.

ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో సిలిండర్‌కి వెళ్లే డీజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేస్తాం. బతికున్న సిలిండర్ ఆగితే చప్పుడు మారి బండంతా వణుకుతుంది. ఆపినా చప్పుడు మారలేదంటే అది ముందే చచ్చిందన్నమాట. ఒకటి, రెండు, మూడు, ప్రతిసారీ బండి వణికింది. నాలుగోది వదులు చేశాడు. ఏమీ మారలేదు. దానిలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ తీసి ఐదోదానికి వేసి చూశాడు, జబ్బు దాని వెంట పోలేదు, నాలుగులోనే ఉంది. డీజిల్ అందుతోంది కాబట్టి ఇంక అందనిది గాలే.

గాలి గొట్టం విప్పాలి. బావ స్పానర్ పట్టుకుని ఆగిపోయాడు. ఆ గొట్టం బిగించింది అన్న. వద్దంటే వినకుండా హెడ్డు పని సగం తన చేత్తోనే చేసుకుని, ఆ సాయంత్రమే ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి వెళ్లి, మళ్లీ రాలేదు. మా లారీల వాళ్లకో పట్టింపు ఉంది. పోయినవాడు బిగించిన నట్టు దానంతటది వదులైతే తప్ప ఇంకొకరు ముట్టుకోరు. అందుకే బావ మిగతా సగం పూర్తి చేసి ఆ వైపు చెయ్యి కూడా పెట్టలేదు.

"తమ్ముడివి, నువ్వే ఇప్పు బావా. నాను సెయ్యెట్టనేను" అన్నాడు.

విప్పాను. నాలుగో సిలిండర్‌కి గాలి వెళ్లే దారిలో ఎర్రగా ఏదో కనిపించింది. వేలు పెట్టి లాగితే వచ్చింది, అన్న మెడకి చుట్టుకునే ఎర్ర గళ్ల రుమాలు, మసి పట్టి ఉండకట్టుకుపోయి.

షెడ్డు చుట్టూ జీడి ఫ్యాక్టరీలు, గాల్లో ఎప్పుడూ పొట్టూ మసీ. విప్పిన దారిలోకి దుమ్ము పోకుండా గుడ్డ కుక్కడం అన్న అలవాటు. ఆ రోజు తియ్యడం మరిచి పైన బిగించేశాడు. స్క్రూ కూడా మరవని మనిషి! అప్పటికే కళ్లు తిరుగుతున్నాయన్నమాట, మాతో ఒక్క ముక్క అనలేదు. పెట్టె మూసేముందు వదిన ఇల్లంతా వెతికింది ఈ రుమాలు కోసమే. దొరక్క మందస నుంచి కొత్తది తెప్పించి కట్టారు. దానితో అన్న పెట్టెలో పరాయివాడిలా ఉన్నాడు. అది గుర్తొచ్చి షెడ్డు నేల మీద కూలబడి ఏడ్చాను. బావ మసి చేతుల్తోనే మొహం తుడుచుకున్నాడు.

మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే ఇంజన్ హాయిగా నడిచింది. ఇంటి ముందు ఇంజన్ ఆపకుండానే దిగి, రుమాలు వదిన చేతిలో పెట్టి, ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆవిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. మసి కంపు తప్ప ఏముంటుంది? తర్వాత బానెట్‌కి చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఎక్కడా దెబ్బ తప్పలేదు.

"అయితే ఎల్పోనాడు" అంది.

బండి అమ్మలేదు. ఇప్పుడు మూలపేట పోర్టు పనికి రాయి తోలుతున్నాను. నేను కోరుకున్నదే జరిగింది కదా, అయినా ఖాళీ బండితో తిరిగొచ్చేటప్పుడు నా చెవి నాలుగో సిలిండర్ మీదే ఉంటుంది, ఒక్క దెబ్బయినా తప్పుతుందేమోనని. తప్పదు. ఇంటికి రాగానే వదిన గుమ్మంలోకి వచ్చి, "బండెలాగుంది బాబూ?" అని అడుగుతుంది. బాగుంది వదినా అంటాను. ఆవిడ మొహం చిన్నబోతుంది.