ముందే ఎగిరిన కాగితాలు

హిందీ హీరోలు కోట్లేసుకుని విదేశాల్లో ఏడుస్తూ తిరిగినన్నాళ్లూ నేనూ, ఆదోని పత్తి మార్కెట్లో తూకాలు వేసే నా దోస్తు ఖాసీమూ థియేటర్ గడప తొక్కలేదు. మళ్లీ విలన్లను కొట్టే హీరో వస్తే మొదటిసారి ఇద్దరం కలిసే చూడాలని ఒట్టు పెట్టుకున్నాం.

నిన్న అలాంటి సినిమా రిలీజైంది. యార్డుకు పత్తి బాగా వచ్చింది, మొదటి రోజు తీరిక లేదంటూ ఖాసీం నన్ను ఈ రోజు మ్యాట్నీకి రమ్మన్నాడు. ఎమ్మిగనూరు నుంచి బస్సులో దారి పొడవునా పాత పేపర్లు చించుతూనే వచ్చాను. హీరో రాగానే ఎగరేయడానికి సంచి నిండింది.

తెర మీద ఇంకా విలన్ మాట్లాడుతున్నాడు. ఖాసీం ఉన్నట్టుండి లేచి, ఈల వేసి, సంచి మొత్తం గాల్లోకి కుమ్మరించాడు. ఆ తర్వాత తలుపు బద్దలు కొట్టుకుని హీరో వచ్చాడు. నా చేతిలో ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

"నిన్ననే సూసేసినావు గదప్పా?" అన్నాను.

"బామ్మర్ది ఇడ్సలేదన్నా. నీతో సూస్తేనే మొదటిసారి లెక్క!"

తనకు ద్రోహం చేసిన స్నేహితుణ్ణి ఆ హీరో ఇంటర్వెల్‌ లోపే చితక్కొట్టాడు. నేను మాత్రం ఇంటర్వెల్‌లో ఖాసీం కొనిచ్చిన సమోసా తిన్నాను. మీరైతే కొట్టేవాళ్లా, తినేవాళ్లా?