గ్లిజరిన్ లేని ఏడుపు

పందొమ్మిదేళ్ల బట్టీ ఉదయశ్రీ సినిమాల్లో చెయ్యని పని లేదు, ఒక్క మాట్లాడటం తప్ప. పెళ్లి సీనుల్లో పళ్లెం పట్టుకుంది. ఆసుపత్రి సీనుల్లో బెంచీ మీద కూర్చుని ఎవరికోసమో దిగులుపడింది. గొడవ సీనుల్లో చెప్పులొదిలేసి పరిగెత్తింది. హీరో భుజం వెనకాల కనిపించే ఆ పసుపు చీరావిడ ఎవరూ అంటే, ఈవిడే. తణుకు నుంచి వచ్చి బోరబండలో రెండు గదుల కిరాయింట్లో ఉంటోంది. మనిషి మంచిదే. కాస్త గొప్పలు చెప్పుకునే రకం, అంతే. పందొమ్మిదేళ్లు నోరు కట్టేసి నిలబెడితే మీరైనా చెప్పుకోరూ!

అందుకే మొన్న శ్రావణంలో జగదీశ్ ఫోన్ చేసి "అక్కా, క్లోజప్పు, డైలాగు కూడా ఉంది" అనగానే ఎగిరి గంతేసింది. జగదీశ్ అంటే ఆవిడలాంటి జూనియర్ ఆర్టిస్టులకు వేషాలిప్పించే కో-ఆర్డినేటర్. ఏం కంపెనీ, ఏం సరుకు అని అడగాలని కూడా తోచలేదు ఆ మహాతల్లికి. ఫిల్మ్‌నగర్‌లో ఓ ఫ్లాటు, ఓ కెమెరా, మూడు లైట్లు. చెప్పాల్సింది ఇది: "అద్దె కట్టలేక, నలుగురిలో తలెత్తుకోలేక ఏడ్చిన రోజులున్నాయండీ. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని, ఫోన్లో వీడియోలకు లైకులు కొడుతూ రోజుకి మూడువేలు సంపాదిస్తున్నాను."

చెబుతూ చెబుతూ ఏడవాలి. కంట్లో వేసుకోమని గ్లిజరిన్ ఇచ్చారు. ఉదయశ్రీ వద్దంది. మూడు లెక్కపెట్టమంది. మూడు అనేసరికి కళ్లలోంచి జలజలా రాలాయి. కెమెరామన్ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు నెల రోజులపాటు ఆవిడ చెవుల్లోనే ఉన్నాయి.

వీడియో చేతికి రాగానే ఉదయశ్రీ చేసిన పని ఏంటో తెలుసా? తామున్న బిల్డింగు వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది! "చూసి చెప్పండి" అని కింద ఓ ముక్క కూడా రాసింది. ఎలా ఏడ్చానో చూడండి అని ఆవిడ ఉద్దేశం. వేషం వేషమేనని తనకు తెలుసు కాబట్టి లోకానికీ తెలుసనుకుంది. ఏడుపు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. లింకు పంపమని మాత్రం ఏడుగురు అడిగారు. ఆటపట్టిస్తున్నారనుకుని నవ్వే బొమ్మలు పంపింది.

మూడు వారాలకి, ఓ మధ్యాహ్నం పక్క పోర్షన్ రాజమ్మ వచ్చింది. రాజమ్మ జూబ్లీహిల్స్‌లో ఓ పెద్దింట్లో వంట చేస్తుంది. ఆమె భర్త భిక్షం ఆటో తోలేవాడు. తెల్లారగట్ల షూటింగులుంటే ఉదయశ్రీని స్టూడియో గేటు దాకా దింపి, పైసా పుచ్చుకునేవాడు కాదు. "నువ్వు పెద్ద యాక్టరైనంక ఇద్దువుగానీ తియ్" అనేవాడు. పోయిన ఏడు లారీ గుద్ది పోయాడు. బీమా కింద వచ్చిన రెండు లక్షలు రాజమ్మ ముట్టుకోలేదు. దోసెల బండి పెట్టుకోవాలని ఆమె ఆశ. ఒకరి పొయ్యి దగ్గర ఇంకెన్నాళ్లు నిలబడుతుంది పాపం.

"ఉదయా, నీ పుణ్యాన నా కష్టం గట్టెక్కుతున్నది" అంది రాజమ్మ, ఫోను చూపిస్తూ. "నీ వీడియోల కంపెనీ పేరు చూసి లింకు దొరకవట్టిన, వెయ్యి కట్టిన. మూడొద్దులకు పదమూడొందలు వచ్చినయ్. ఇగ రెండు లక్షలు కడితే వీఐపీ మెంబరంట. ఇయ్యాల పొద్దుగూకినంక లక్ష కొడ్త, రేపింకో లక్ష."

ఉదయశ్రీ ఫోను లాక్కుని చూసింది. 'మా హెడ్డాఫీసు' అని ఓ ఫొటో. తెల్ల పాలరాతి మెట్లు, పక్కన ఇత్తడి సింహం, దానికి కుడి చెవి లేదు. ఓరి నాయనో! ఆ సింహం పక్కనే కదూ తను పళ్లెం పట్టుకుని మూడు రోజులు నిలబడింది! అది ఆఫీసూ కాదు, గీఫీసూ కాదు, జూబ్లీహిల్స్‌లో సినిమావాళ్లకు రోజువారీ అద్దెకిచ్చే షూటింగ్ హౌసు. మెట్ల మీద సూటు వేసుకుని నవ్వుతున్న ఛైర్మన్ మరెవరో కాదు, జడ్జి వేషాలేసే నాగసాయి.

"అక్కా, ఇది దొంగ కంపెనీ" అంది. సింహం గురించి, నాగసాయి గురించి గబగబా చెప్పింది.

"సూటేసుకుంటే అందరు గట్లనే కనవడ్తరు" అంది రాజమ్మ. "దొంగదైతే నా పదమూడొందలు ఎట్లొచ్చినయ్?"

"చేపకి ఎర వేసినట్టు వేస్తారక్కా! నేను పైసా సంపాదించలేదు. అది నటన."

రాజమ్మ ముఖం ముడుచుకుంది. "నీకు మూడువేలొస్తె మంచిది, మాకొస్తె నటనా? కిరాయి కట్టలేక ఏడ్చినన్నవ్. అది గూడ అబద్ధమేనా?"

అదొక్కటే అబద్ధం కాదు, ఏం చేస్తుంది. రాజమ్మ విసురుగా లేచి తన ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఉదయశ్రీ జగదీశ్‌కి ఫోన్ చేసింది. వీడియో తీసేయించమని బతిమాలింది.

"అక్కా, ఆర్టిస్టువి ఆర్టిస్టులాగా ఉండు" అన్నాడతను. "సంతకం పెట్టావ్, ఆధార్ జిరాక్సు ఇచ్చావ్. రేపు ఎవరైనా కేసు పెడితే పోలీసులకి కనిపించేది నీ ముఖమే. ఇంకోటి, జనం డౌటు పడుతున్నారంట, నీతోనే రెండో వీడియో తీస్తారంట. చేస్తే డబుల్ పేమెంటు. చెయ్యనంటే ఇక నా దగ్గర్నుంచి ఫోన్లు ఆశించకు."

ఉదయశ్రీ సైబర్ పోలీసుల నంబరు నొక్కింది, మోగకముందే కట్ చేసింది. చెబితే తను ఇరుక్కుంటుంది. చెప్పకపోతే రాజమ్మ మునుగుతుంది. ఊరుకుంటే వేషాలు నిలుస్తాయి, కానీ భిక్షం ప్రాణం ఖరీదు చేసిన ఆ రెండు లక్షలు తన ముఖం చూసే పోతాయి. ఆ గదిలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. కిటికీ అవతల పొద్దు వాలుతోంది.

చివరికి పక్కింటి తలుపు తోసుకుని వెళ్లింది. రాజమ్మ మంచం మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని ఫోన్లో అంకెలు నొక్కుతోంది.

"అక్కా, ఒక్క నిమిషం. ఇటు చూసి మూడు లెక్కపెట్టు."

"ఏంది నీ లొల్లి?"

"లెక్కపెట్టక్కా, నీకు దణ్ణం పెడతాను."

"ఒకటి. రెండు. మూడు."

కన్నీళ్లు జలజలా రాలాయి. కింది పెదవి వణికింది. "అద్దె కట్టలేక, నలుగురిలో తలెత్తుకోలేక ఏడ్చిన రోజులున్నాయండీ..." అదే గొంతు, అదే జీర, వీడియోలో ఉన్నది ఉన్నట్టు.

"ఇప్పుడు ఆపమను."

"ఆపు" అంది రాజమ్మ, బిత్తరపోయి.

ఏడుపు టక్కున ఆగింది. ఉదయశ్రీ కొంగుతో ముఖం తుడుచుకుని, హాయిగా నవ్వి చూపించింది. "మళ్లీ లెక్కపెట్టు." మళ్లీ ఏడ్చింది, మళ్లీ ఆపింది. మూడోసారి రాజమ్మ లెక్కపెట్టలేదు. ఫోను పక్కన బోర్లా పెట్టింది.

"సమజైంది" అంది. "కొట్టను పో."

అమ్మయ్య! ఆ రెండో వీడియో చెయ్యదు, వేషాలు పోతే పోనీ, రాజమ్మ రెండు లక్షలు మిగిలాయి. ఉదయశ్రీకి రాజమ్మను వాటేసుకోవాలనిపించింది. మంచం మీద ఆమె పక్కన చతికిలబడి, చెయ్యి పట్టుకోబోయింది.

రాజమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్లజోడు తీసి, కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"మా భిక్షం పోయిననాడు నువ్వు గీ మంచం మీదనే గూసున్నవ్. మూడొద్దులు నన్నిడిసి పోలె. నాకన్న నువ్వే ఎక్కువ ఏడ్చినవన్నరు అందరు. గప్పుడు ఎవరు లెక్కపెట్టిండ్రు ఉదయా?"

ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ మాట చెప్పాలని నోరు తెరిచింది ఉదయశ్రీ. తెల్లారగట్ల వినిపించే భిక్షం ఆటో హారను చెవిలో మోగింది. కళ్లు మండాయి. ఇప్పుడు కాదు తల్లీ, ఇప్పుడు మాత్రం వద్దు అనుకుంటూ పళ్లు బిగించింది. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఏడుపు ఆపుకోవడం చేతకాలేదు.

రాజమ్మ ఆ కన్నీళ్ల వంక చూసింది. లేచి, పొయ్యి ముట్టించుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.