పదడుగుల పైముక్క

ఉద్యోగరీత్యా కర్నూలు నుంచి హోసూరు వచ్చిన కొత్తలో, సరదాగా దేశదేశాల వాళ్లతో మాట్లాడే హ్యామ్ రేడియో యాంటెన్నా కోసం మిద్దె మీద చిన్న టవర్ నిలబెట్టాను. దాని పైముక్కకు నా దగ్గర రెండు ఇనప గొట్టాలున్నాయి. ఒకటి ఆరడుగుల కొత్తది, రెండోది పదడుగుల పాతది. ఎత్తు పెరిగితే దూరదేశాలు అందుతాయని నా మనసంతా పాతదాని మీదే.

వెల్డర్ మునిరాజప్ప దాన్ని సుత్తితో తట్టి చూశాడు.

"లోపల తుప్పు తినేసిండాదప్పా. ఇది వద్దు."

"ఏమీ కాదన్నా, బిగించు," అన్నాను.

నా పట్టుదల చూసి ఆయన పైకెక్కి దాన్ని బిగించాడు. యాంటెన్నా తగిలిస్తుండగా ఫట్‌మని శబ్దమైంది. పైముక్క మొదలంటా విరిగి పక్కనున్న ఖాళీ స్థలంలో పడింది. మునిరాజప్ప కాలు జారి, నడుం బెల్టుకు గాల్లో వేలాడాడు.

ఎలాగో నిలదొక్కుకుని ఆయనే దిగాడు. అరచేతుల నిండా నెత్తురు.

"తప్పు నాదేనన్నా," అన్నాను ఏడుస్తూ.

"నా మాట నువ్వు నమ్మలేదు. నేను నమ్మినాను. అందుకే బెల్టు కింది ముక్కకు కట్టినాను," అన్నాడు.

ఆ రోజు నుంచి పని తెలిసిన మనిషి వద్దంటే అక్కడితో ఆపేస్తున్నాను.