మంచు చూసిన గేటరు

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం... అక్క కాలేజీ నుంచి వస్తూనే నాన్న చేతిలో ఒక కాగితం పెట్టింది. గాజువాక రోడ్డు మీద మాది సైకిల్ రిపేరు కొట్టు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు... పనికి వెళ్ళేవాళ్ళంతా సైకిళ్ళ మీదే.

కాలేజీ నుంచి ఆరుగురు అమ్మాయిలను హిమాలయాల్లో కొండలెక్కే క్యాంపుకి తీసుకెళ్తున్నారట. అక్కది ఆరో పేరు. కాగితంలో రాసిన సామాన్లలో ఒక్కటి తక్కువైనా, ఆమె బదులు ఏడో అమ్మాయి వెళ్తుంది.

స్వెట్టరు, కంబళి, బూట్లు... ఇవన్నీ ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు. చివర్న ఉంది... గేటర్లు ఒక జత, ఇంట్లో చేసుకున్నవైనా సరే.

"గేటర్లా? ఓస్, ఇంతేనా! మన కొట్లో బోల్డున్నాయి" అన్నాడు నాన్న.

మా కొట్లో గేటరంటే, టైరు చిరిగినచోట లోపల వేసే పాత టైరు ముక్క. నాన్న మంచివి రెండు ఏరి, అంచులు చెక్కి, శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. కొండెక్కడానికి అవెందుకో ఎవరికీ అర్థం కాలేదు.

"బూట్ల అడుగున ఎట్టుకుంతారేమో... జారకుండా" అంది అమ్మ. నిజమేననిపించింది.

మర్నాడు అక్క ముఖం గంటు పెట్టుకుని వచ్చింది. పి.టి. మేడం నవ్విందట. గేటర్లంటే బూటు మీంచి మోకాలిదాకా తొడుక్కునే గుడ్డ తొడుగులట. మంచు బూట్లోకి పోకుండా. శనివారంలోగా తేవాలట.

"మంచు బూట్లోకెలా ఎల్తాదే? మంచంటే పొగే గదా!"

"పొగ కాదు నాన్నా. గడ్డ మంచు."

"అంటే ఐసా?"

"అలాటిదే... నానూ సూడనేదు."

పాత లారీ టార్పాలిన్ కత్తిరించి, సీటు కవర్లు కుట్టే దబ్బనంతో నాన్నే కుట్టాడు. పైన బిగించడానికి అమ్మ లంగా నాడా... బూటు కింద నుంచి వచ్చే పట్టీకి సైకిల్ ట్యూబు. తీరా తొడిగి చూస్తే రెండూ ఎడమ కాలివే. ఒకటి విప్పి మళ్ళీ కుట్టాడు.

ఇవి మంచుకి ఆగుతాయా? ఎలా తెలుస్తుంది?

శుక్రవారం అక్కనీ నన్నూ సైకిలెక్కించుకుని చేపల హార్బరుకి తీసుకెళ్ళాడు. అక్కడ బోట్లకి ఐసు కొట్టే సింహాచలం మావ నాన్నకి స్నేహితుడు. ఐసు పొడి గుట్టలో అక్క మోకాలి లోతున నిలబడింది.

"ఏటి బావా, గుంటని సేపలాగ ఐసులో ఎట్టేత్తన్నావ్! బేరం కుదిరిందా ఏటి?" అన్నాడు మావ.

"నోర్ముయ్ బావా. గేటరు సూత్తన్నాం."

మావకి ఇంకా అర్థం కాలేదు. "గేటరుకి టైరేదీ?" అన్నాడు.

కాసేపటికి నాన్న అక్క బూట్లలో వేలు పెట్టి చుట్టూ తిప్పి చూశాడు. బూటు గుడ్డ తడిసింది గానీ, లోపలికి ఒక్క ఐసు ముక్క కూడా పోలేదు.

శనివారం మేడం ఆ ట్యూబు పట్టీని రెండుసార్లు లాగి చూసి టిక్కు పెట్టింది. అక్క వెళ్ళింది.

తిరిగొచ్చాక చెప్పింది. "మంచు ఐసులాగ ఉండదు నాన్నా. ముగ్గు పిండిలాగ ఉంతాది."

నాన్న గేటర్ల కుట్లు తడిమి చూశాడు.

"బూట్లోకెల్లిందా?"

"ఎల్లనేదు."

నాన్నకి అది చాలు.

కొన్నాళ్ళకి, షిఫ్టుకి వెళ్తున్న ఒకాయన సైకిలు టైరు మా కొట్టు ముందే పేలింది. ఆయన తొందర పెడుతున్నాడు. పెట్టెలో చూస్తే ఒక్క టైరు ముక్క లేదు. అక్క లోపలికి వెళ్ళి తన టార్పాలిన్ జతలో ఒకటి తెచ్చింది.

"ఇది ఎయ్ నాన్నా."

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది మంచు సూసొచ్చిందే..."

"పేరు గేటరే గదా" అంది అక్క.

ముక్క కత్తిరించి, మడతపెట్టి టైరులో వేశాడు. ఆయన ఫ్యాక్టరీ వైపు వెళ్ళిపోయాడు. అక్క అంత తేలిగ్గా ఎందుకిచ్చిందో, ఆ సైకిలు మలుపు తిరిగేదాకా నాన్న ఎందుకు చూస్తూ నిలబడ్డాడో నాకు తెలియలేదు. ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

రెండోది నా దగ్గరుందని అక్క అంటుంది... తన దగ్గరే ఉందని నేనంటాను.

మొన్న అటు వెళ్తే మా కొట్టున్న చోట ట్యూబ్‌లెస్ టైర్ల షాపుంది. ఊరికే "గేటరుందా?" అని అడిగాను. ఆ రోజు హార్బరులో సింహాచలం మావ చూసినట్టే అయోమయంగా చూశాడు షాపతను.

"దేనికండీ?" అన్నాడు.

బండికనాలో, కాలికనాలో తోచలేదు.

మీ ఇంట్లోనూ ఒకే మాట ఇద్దరికి రెండు వస్తువులైన సందర్భం ఉందా? ఉంటే కింద రాయండి... అక్కకి చదివి వినిపిస్తాను.