నెత్తి మీది ఊదా గీత

మా ఆయన మేస్త్రి. గోడలు కట్టే మేస్త్రి. మాదాపూర్‌ల గుండ్రటి పెద్ద బిల్డింగు లేస్తున్న రోజులల్ల పాలమూరు దిక్కు నుంచి వచ్చి, అక్కడి ఊర్ల పోచమ్మ గుడి వెనుక ఒక అర్ర కిరాయికి తీసుకున్నం. పిల్లలిద్దరు మా అమ్మ కాడ ఉండి చదువుకుంటుండిరి. ఆయన తాపీ, దారం, గుండు సంచిల ఏసుకొని పనికి పోతే, నేను ఆ బిల్డింగు గేటు ముంగట ఇడ్లీ బండి పెట్టుకున్న. బండలు పేల్చే టైముకు గిన్నె మీద మూత పెట్టుడు మరిస్తే దుమ్మంత చట్నీల పడేది. దుమ్ము పడ్డ చట్నీ గూడ అమ్మిన, ఇప్పుడు దాచి ఏం లాభం. తిన్నోళ్లు ఎవ్వరూ ఏమనలే.

రోగం మా ఇంట్లకు అన్నం పళ్లెం తొవ్వన వచ్చింది. పళ్లెంల కుడి దిక్కు అన్నం తిని, ఎడమ దిక్కుది అట్లనే ఇడిసిపెట్టి, ఇంతేనా అని నన్ను అడుగుడు మొదలువెట్టిండు. కండ్ల ముంగట పెట్టుకొని అడుగుతవేంది, నన్ను ఆట పట్టిస్తున్నవా అని నేను లేచేదాన్ని. నువ్వు పిసినారిదానివైనవు అని ఆయన లేచేది. రెండు వారాలు గిదే లొల్లి. తర్వాత ఎడమ భుజం దర్వాజకు కొట్టుకునుడు, ఎడమ కాలి చెప్పు ఎక్కడనో ఇడిసి వచ్చుడు. తాగుడు మొదలువెట్టిండని నేను అనుకున్న. నోరు వాసన చూసిన. మూడు రోజులు చూసిన. బీడీ వాసన తప్ప ఏం లేదు.

ఒక పొద్దు నా బండి కాడనే ఫిట్స్ వచ్చి పడ్డడు. దవాఖానకు తీస్కపోతే ఫొటోలు తీసి, నెత్తిల కుడి దిక్కు గడ్డ ఉందన్నరు. మంచి గడ్డ కాదు, జల్ది పెరిగే గడ్డ అన్నరు. ఆ గడ్డ చేయవట్టే ఆయనకు ఎడమ దిక్కు ఉన్నవి కానొస్తలేవంట. కానొస్తలేవని ఆయనకే తెల్వదంట. ఆ ముక్క విన్నంక నేను పళ్లెం ముచ్చట యాదికి తెచ్చుకొని సిగ్గుతోటి చచ్చిపోయిన. రెండు వారాలు మొగన్ని తిండి కోసం తిట్టిన దాన్ని.

నెత్తి కోసి తీసినంత తీసిండ్రు. వేరు మిగిలింది, దానికి రేడియేషన్ ఇయ్యాలె అన్నరు. మా దిక్కు అందరు దాన్ని కరెంటు పెట్టుడే అంటరు. వారానికి ఐదు రోజులు, మొత్తం ముప్పై మార్లు. కరెంటు పెట్టే ముందుగాల ఒక పెద్ద డాక్టరు ఫొటోలు చూసుకుంట ఆయన బోడిగుండు మీద ఊదా సిరాతోటి గీతలు గీసిండు. నుదుటి మీదికెళ్లి వెనుకకు ఒకటి, కుడి చెవు మీద ఒక ఇంటూ మార్కు. నన్ను దగ్గరికి పిలిచి చెప్పిండు. ఈ ఇంటూ మార్కును బట్టే మిషిను దింపుతరు, ఇది ఒక వేలు పక్కకు జరిగినా కరెంటు కన్ను మీదికి పోతది, ఉన్న సగం చూపు గూడ పోతది. ముప్పై మార్లు అయ్యేదాంక నెత్తికి నీళ్లు తగలనియ్యొద్దు. నేను తలకాయ ఊపిన. నాకు అర్థమైన దానికంటె ఎక్కువనే ఊపిన.

ఇగ మా రోజులు గిట్లుండె. తెల్లారంగ ఇడ్లీలు అమ్ముకొని, పదింటికి బండి మీద పరదా కప్పి, ఆయన్ని తీస్కొని బస్సెక్కుడు. బస్సుల జనం ఆయన నెత్తి దిక్కు చూసేది. ఒకామె అయితే ఇది ఏ దేవుని ముద్ర బిడ్డా అని అడిగింది. మా ఆయన మొఖం గట్టిగ పెట్టుకొని, శ్రీశైలం పోయి వస్తున్నమన్నడు. ఆమె దండం పెట్టింది. ఇంటికి పోయినంక ఇద్దరం పడి పడి నవ్వినం. ఆ దవాఖాన దినాలల్ల నేను నవ్వినంత మా పెండ్లైన పద్నాలుగేండ్లల్ల నవ్వలే. ఎవ్వరికన్న చెప్తే నమ్మరు.

గీత గీసిన డాక్టరు మీద ఆయనకు ఒకటే కోపం. గీత సీదగ లేదని. వెనుక దిక్కు గింజంత వంగిందంట, రెండు అద్దాలు పెట్టుకొని చూసిండంట. నాకు దారం ఇస్తే అద్దం తీరు గీసేటోన్ని అని రోజు సతాయించేది. ఎడమ దిక్కు లోకమే కానరాని మనిషి గీతల మీద మాట్లాడుతుంటే నేను మూతి బిగవట్టుకొని ఇనేది. కానొస్తలేదని ఆయన ఒక్కసారి గూడ ఒప్పుకోలే. నేను సగం తిన్నంక పళ్లెం తిప్పితే, ఇప్పుడు వేసినవా అన్నం అనేది.

పదిహేడు మార్లు అయినయి. ఆషాఢం, బోనాల ఐతారం వచ్చింది. మా గల్లీల పొద్దు పొడవకముందే ఆడోళ్లు తలకు పోస్కొని, కొత్త కుండలకు సున్నం పూసి, పసుపు బొట్లు పెట్టుకుంటుండ్రు. నేను గూడ పోస్కొని వచ్చిన. ఆయన గడప మీద కూసొని ఉన్నడు. నెల దాటింది నెత్తి మీద నీళ్లు పడక. కోసిన కాడ చర్మం పొరలు లేసి దురద. గోకొద్దని రోజు నేను చేతుల మీద కొట్టుడు. పండుగ పూట తలకు పోస్కోక బోనం ముంగట ఎట్ల నిలవడాలె అన్నడు. నేను వద్దన్న. జర అడుగుతున్న పోయవే అన్నడు. మా ఆయన నన్ను జర అని బతిలాడి అడిగింది లేదు ఎప్పుడు. అడగకుంటనే అన్ని జరిగేటియి. ఇదే ఆఖరి బోనాలైతే అని నా కడుపుల ఒక మాట లేచింది. ఆ మాట నోటికి రాకముందే చెంబు అందుకున్న.

చెవు కాడ తగలకుండ పోస్త అనుకున్న. నేనే అనుకున్న, నేనే మరిసిన. ఆయన కండ్లు మూస్కొని, అబ్బా అని సుఖంగ తల వంచితే, కుంకుడు రసం తీసి రెండు చేతులతోటి రుద్దిన. నీళ్లు ఊదగ కారుతుంటే గప్పుడు సోయి వచ్చింది. నెత్తి తెల్లగ, పుట్టిన పిల్లగాని నెత్తి తీరు మెరుస్తుంది. ఒక్క గీత లేదు. డాక్టరు వద్దన్న పని, తెలిసి తెలిసి, పండుగ పూట చేసిన.

ఆయనకు ఏం ఫికర్ లేదు. పైగ హుషారు వచ్చింది. కిరాణ దుకాణంకెళ్లి ఊదా స్కెచ్ పెన్ను తెమ్మన్నడు, సంచిలకెళ్లి దారం తియ్యమన్నడు. చెవు కొసకెళ్లి నాలుగు వేళ్లు పైకి, అక్కడికెళ్లి రెండు వేళ్లు వెనుకకు అని చెప్పుకుంట పోయిండు. నేను దారం పట్టి గీసిన. ఇంటూ మార్కు కాడికి వచ్చేవరకు ఇద్దరికి పడలే. ఇంకా వెనుకకు ఉండె అని నేను, ఇంకా ముంగటికి ఉండె అని ఆయన. అద్దంల చూసుకొని, వేలు పెట్టి, ఇగో ఇక్కడ అన్నడు. నాకు మనసొప్పలే. కానీ పద్నాలుగేండ్లల్ల గీత మీద, గోడ మీద ఆయన మాటే ఆఖరి మాట మా ఇంట్ల. ఆయన వేలు పెట్టిన కాడనే గీసిన. బోనం ఎత్తుకొని పోచమ్మ కాడికి పోయిన, ఆమెకు అన్ని చెప్పిన.

సోమారం బస్సుల ఆయన నాతోటి ఒట్టు వేయించుకున్నడు. దవాఖానల చెప్పొద్దని. చెప్తే మళ్ల ఫొటోలు, మళ్ల గీతల గది ముంగట లైను, ఇన్ని రోజులు పెట్టిన కరెంటు ఖరాబైతది అని. అవన్ని పైమాటలు. ఆయన గీతకు తప్పుండదని ఆయన నమ్మకం, నన్ను గూడ నమ్మమంటున్నడు, గంతే. సరే అన్న.

కరెంటు పెట్టే సారు గీత చూసి, ఏందమ్మా కొత్తగ మెరుస్తుంది అన్నడు. పండుగ కదా సారు, ఉన్నదాని మీద దిద్దినం అని మా ఆయన టక్కున అన్నడు. సారు చిన్నగ కోపం చేసిండు. బయట మస్తు మంది కూసొని ఉన్నరు, ఆయనకు తీరిక లేదు. పడుకోబెట్టి లైటు వేసిండు. రోజు ఆ లైటు చదరం ఆయన చెవు మీదనే ఆగేది, నేను తలుపు కాడికెళ్లి చూసేదాన్ని. ఆ పొద్దు దాని అంచు కనుబొమ్మ కొస మీద పడ్డది. సారు బయటికి వచ్చి ఆ బరువు తలుపు మూస్తుండు. లోపల మా ఆయన కదలకుండ, నామీద నమ్మకంతోటి పడుకొని ఉన్నడు.

నేను తలుపుకు చెయ్యి అడ్డం పెట్టిన. "సారూ, ఆ గీత మేం గీసింది. తలకు పోస్తే పోయింది. లైటు కన్ను మీదికి వస్తుంది, తప్పు గీసినం" అన్న.

సారు నన్ను తిట్టలే. నెత్తికి చెయ్యి పెట్టుకొని స్టూలు మీద కూసున్నడు. తర్వాత పెద్ద డాక్టరు వచ్చి పాత ఫొటోలు పెట్టి కొలిచిండు. నిండు ఒక వేలు ముంగటికి పోయిందన్నడు. తిట్టుడు ఆ డాక్టరు తిట్టిండు, దవాఖాన అంత ఇనవడేటట్టు. నేను ఇన్న. మా ఆయన బల్ల మీద లేచి కూసొని నా దిక్కు చూసిండు. "నా గీతకు తప్పు వట్టినవానే" అన్నడు. ఆ చూపు ఇప్పటికి నాకు గుచ్చుతది. అట్ల చూసేందుకు ఆయనకు ఆ కన్ను మిగిలింది గద అని గప్పుడు అనుకున్న, ఇప్పుడు గూడ అదే అనుకుంట.

నాలుగు రోజులు ఆగి మళ్ల గీత గీస్తమన్నరు. మా ఆయన చెప్పులేసుకుంటుంటే నేను డాక్టరు ఎనుక ఉరికిన. ఒకపారి నోరు తెరిసినంక ఇగ ఆగలే. గీత సీదగ ఉంటే ఈన బతుకుతడా సారు అని అడిగిన. అన్ని దినాలల్ల నేను అడగని మాట అది. అంత గట్టిగ తిట్టిన డాక్టరు ఒక్కసారి మెత్తబడ్డడు. గీత సీదగ ఉన్నా ఈ గడ్డ మళ్ల వస్తదమ్మా, మనం ఒక ఏడాది అడుగుతున్నం దాన్ని అన్నడు. మా ఆయన పదమూడు నెలలు ఉన్నడు. డాక్టరు అడిగినదానికంటె ఒక నెల ఎక్కువనే.

బస్సుల ఆయన కిటికీ పక్కన కూసొని మొఖం అటు తిప్పుకున్నడు. సగం తొవ్వ పోయినంక, బయటికే చూసుకుంట, డాక్టరు ఏమన్నడు అని అడిగిండు. మా దిక్కు ఇసొంటియి రోగం ఉన్నోనికి చెప్పరు. నరాల వాపు అంటరు, తగ్గుతది అంటరు. నేను గూడ అదే అందామని నోరు తెరిసిన. కానీ పొద్దుగాల ఆయన పరువు తీసి సత్యం చెప్పిన దాన్ని, ఇప్పుడు ఏ మొఖంతోటి అబద్ధం చెప్పాలె.

"ఏడాది అన్నడు" అన్న.

ఆయన కిటికీ ఊచ మీదికెళ్లి చెయ్యి తీసిండు. తర్వాత నా దిక్కు తిరిగిండు. "ఏడాదంటె రెండిండ్లు లేపొచ్చు" అన్నడు.

ఇగ నాకు ఆగలే. బస్సు నిండ మంది, నేను కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సుడు. కండక్టరు వచ్చి ఏమైంది పెద్దమనిషీ అని అడిగితే, మా ఆయన, పొద్దుందాంక నామీద మండుతున్న మనిషి, నా భుజం మీద చెయ్యేసి, ఆమెకు పన్ను నొస్తుంది అన్నడు. ముంగటి సీట్ల ముసలామె వెనుకకు తిరిగి, ఒడిల మూట ఇప్పి, ఒక లవంగం తీసి నా చేతుల పెట్టింది. దాన్ని బుగ్గల పెట్టుకొని మాదాపూర్ వచ్చేదాంక ఏడ్సిన.