ముక్కు విరవకముందు

ఈ రోజు పొద్దున ఐసుపెట్టె మూత తీయగానే ముక్కుచేపల వాసన వచ్చింది. పచ్చి దోసకాయకు ఉప్పు రాసినట్టుండే పలచని వాసన. జానెడు పొడుగు, వెండి ఒళ్ళు. పై దవడ పొట్టిది; కింది దవడ మాత్రం సూదిలా ముందుకు సాగి ఉంటుంది. ఆ ముక్కు కొస ఎర్రగా ఉంటే చేప తాజాది. పాతబడేకొద్దీ ఆ ఎరుపు పాలిపోతుంది. ఈ సంగతి నాకు నేర్పినది మంగమ్మత్త. తెల్లారేసరికి యలమంచిలి వెళ్ళి, సముద్రపు చేపలు ఆటోలో తెచ్చి నర్సీపట్నం బజారులో అమ్మేది. మాకవరపాలెం చెరుకు తోటల్లో పనులు తగ్గిపోయిన ఏడాది ఆమె దగ్గర చేరాను. అప్పటికి నాకు అక్షరం రాదు, నలుగురిలో గొంతూ పెగలదు.

రెండో వారంలో ఒకరోజు అత్త టీ తాగడానికి వెళ్ళింది. ఆ ముక్కులు ప్లాస్టిక్ సంచులను చీల్చేస్తున్నాయని కొనేవాళ్ళు విసుక్కుంటున్నారు. సాయం చేద్దామనుకుని బుట్టెడు చేపల ముక్కులూ పుటుక్కుపుటుక్కున విరిచి పారేశాను. ఆమె తిరిగొచ్చి చూసింది.

"ఓలమ్మో! ఏటే ఈ పని?"

"కవర్లు సిరిగిపోతన్నాయని, అత్తా..."

"ఇయి నిన్నటి సేపలు కావని ఇప్పుడెలా సెప్తావు? నీ మొకం సూసి కొంటారేటి?"

పక్క కొట్టతను పగలబడి నవ్వాడు. "మంగమ్మప్పా, నీ కొత్త మనిషి సేపలకి గెడ్డం గీసీసింది!"

అత్త నవ్వలేదు. బుట్ట నా ముందుకు తోసింది. "ఒచ్చినోళ్ళకి నువ్వే సెప్పు. ఆళ్ళు అడక్కముందే సెప్పు. బుట్ట కాళీ అయితే రేపు రా. నేకపోతే సెరుకు తోటకే పో."

ముందు వచ్చింది ఒక బడి మాస్టారు. తలెత్తకుండానే చెప్పాను. "మేస్టారూ, తాజా సేపలేనండి. ముక్కులు నేనే ఇరిసీసేనండి, తెలీక. నమ్మితేనే తీసుకోండి."

ఆయన మొప్ప ఎత్తి చూసుకున్నారు. "చేప బాగానే ఉందమ్మా, నువ్వే వాడిపోయావు. అరకేజీ తూచు."

తర్వాత ఒకావిడ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. అయినా చెప్పడం ఆపలేదు. అత్త పక్కనే కూర్చుని డబ్బులు మాత్రం తీసుకుంటోంది. పదో మనిషి వచ్చేసరికి నా గొంతు రోడ్డవతలికి వినిపిస్తోంది. మధ్యాహ్నానికి అడుగున ఐసు నీళ్ళే మిగిలాయి. అత్త బుట్ట బోర్లించి చూసింది. "రేపు బేగి రా" అంది.

నాకు యాభై దాటాక, మధ్యాహ్నాలు పెద్దవాళ్ళ తరగతికి వెళ్ళి చదువు నేర్చుకున్నాను. సొంతంగా రాసిన మొదటి మాటను పలక మీద కొట్టు ముందు నిలబెట్టాను.

"ఏటి రాసేవే?" అంది అత్త. ఆమెకు చదువు రాదు.

"ముక్కు చూసుకోండి. ఆ తర్వాతే విరుస్తాను" అని చదివి వినిపించాను.

"ఇన్నేళ్ళు నేను అరిసిందంతా ఇంత పలకలో పట్టీసిందేటే!" అని ఆమె వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

ఆమె ఇప్పుడు లేదు. కొట్టు నేనే నడుపుతున్నాను. మొన్న ఐసు బండి ఆలస్యమై చేప మెత్తబడింది. పలక తీసి రాశాను: "ఈ రోజు చేప ఒక పూట పాతది. పులుసుకే బాగుంటుంది." పక్క కొట్టతను తల కొట్టుకున్నాడు. "రాసి మరీ బేరం సెడగొట్టుకుంతావేటి, అప్పా?" నేను గొంతెత్తి దాన్ని బజారంతటికీ చదివాను.

పదకొండింటికి అతని దగ్గర ఇంకా చేపలున్నాయి. నేను పలక తుడుచుకుంటున్నాను.