గద్దగుండు దారిలో జైనబ్ టీచర్

ఈ ఉదయం మా అత్తయ్య గుప్పెడు ఎండుమిరపకాయలూ కాస్త కల్లుప్పూ పిడికిట్లో పట్టుకొని, మా శేషయ్య మామయ్య చుట్టూ మూడుసార్లు తిప్పి, పెరట్లో కట్టెల పొయ్యిలో పడేసింది. రెండు క్షణాల్లో ఇల్లంతా ఘాటు. నాకు దగ్గు ఆగలేదు, కళ్లు ధారలు కట్టాయి. "ఘాటొచ్చిందిలే, దిష్టి మరీ ఎక్కువేం లేదు" అని అత్తయ్య తృప్తిపడింది. మామయ్య మాత్రం వరండాలో ప్లాస్టిక్ కుర్చీలోంచి కదల్లేదు. ఆయనకు గుండె ఆపరేషన్ చేయాలి. ఇవాళ గుంటూరు ఆసుపత్రిలో చేరాలి. ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశాడు. ఒకసారి మిరప కోతలన్నాడు, ఇంకోసారి కూలీలు దొరకలేదన్నాడు. ఇక ఆలస్యం చేస్తే మనిషి దక్కడని డాక్టరు ముఖం మీదే చెప్పాక అత్తయ్య నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను ఒంగోలు నుంచి కారేసుకొని వచ్చాను. "లే మామయ్యా, టైమవుతోంది" అంటే ఆయన గోడ వైపు చూస్తూ, "నాకేం భయం? మీరు పదండి" అన్నాడు.

ఎక్కడికి పోవాలి? ఆసుపత్రిలో చేరాల్సింది ఆయనైతే మేం ముందు పోయి ఏం చేస్తాం? కోపం వచ్చి గట్టిగా ఏదో అనబోయి ఆగిపోయాను. ఆ మాట నేను ఇంతకుముందొకసారి విన్నాను. ఇదే మనిషి నోట, ఇదే మిరప ఘాటులో, కొండ మీది ఏటవాలు బండ మీద. అప్పుడు ఆయన్ని కదిలించింది జైనబ్ టీచర్. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఉండి ఉంటే పొద్దున్నే ఆవిడకే ఫోన్ చేసేదాన్ని.

జైనబ్ టీచర్ మా హైస్కూల్లో డ్రిల్లు టీచర్. చిలకలూరిపేట మనిషి. వాళ్ల నాన్న పత్తి లారీ నడిపేవాడట. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరవతలికి వినిపించేది. మెళ్లో ఈల వేలాడేది గాని ఊదగా నేనెప్పుడూ చూడలేదు, ఆ గొంతుకి ఈలెందుకు? చుడీదార్, కాన్వాస్ బూట్లు, పసుపు చున్నీ అడ్డంగా బిగించి నడుముకి ముడి. మా ఊరికి పడమర మిరప చేల మధ్యలోంచి ఒక రాతి కొండ లేచి ఉంటుంది. దాని నెత్తిన ఇంత పెద్ద గుండ్రాయి. గద్దలు వాలుతుంటాయని దాన్ని గద్దగుండు అంటారు. ప్రతి ఏడూ చలి పోయే రోజుల్లో ఒక ఆదివారం టీచర్ పదో తరగతి ఆడపిల్లల్ని ఆ గుండు దాకా ఎక్కించేది. ఊళ్లో సణుగుడు తక్కువేం కాదు. ఆడపిల్లలకి కొండలెందుకు, కాలో చెయ్యో విరిగితే రేపు ఎవడు చేసుకుంటాడు, అని. ఆవిడ ఆ మాటలకి జవాబు కూడా చెప్పేది కాదు.

కొండకి పోయే ముందు నెల రోజులు స్కూలు వెనక బండరాళ్ల మీద మాకు తాలీము నడిచేది. మొదటి రోజు నేను మనిషెత్తు రాయి సగం ఎక్కి ఆగిపోయాను. కింద ఐదుగురు నవ్వుతున్నారు. "ఏం సుజాతా, భయమా?" అంది టీచర్. "లేదు టీచర్" అన్నాను. "మరి మోకాలెందుకే అట్లా కొట్టుకుంటోంది? సంగీతం నేర్చుకుంటోందా?" అంది. అందరూ ఘొల్లుమన్నారు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడావిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఒసేయ్, భయమేస్తే భయమేస్తోందని పైకి చెప్పు. లోపల దాచుకున్నావనుకో, కాళ్లు బిగుసుకుపోతాయి. చెప్పు." నేను నోట్లోనే గొణిగాను. "వినపడలా." "భయమేస్తోంది టీచర్!" అని అరిచాను. "సరే. చెప్పావుగా. ఇప్పుడు ఎడమకాలు ఎక్కడ పెడతావో అది చెప్పు" అంది. నేను చూశాను. అరచేయి వెడల్పున చిన్న రాతి అంచు కనిపించింది. అదివరకు అది అక్కడ లేదని ఒట్టేసి చెప్పగలను.

అదే ఆవిడ పద్ధతి. ధైర్యం చెప్పేది కాదు. ఏం కాదులే అనేది కాదు. సరే అనేది, తర్వాత కాలు ఎక్కడో అడిగేది. నెల తిరిగేసరికి మేం ఆరుగురం రాళ్ల మీద సిగ్గూ ఎగ్గూ లేకుండా భయమేస్తోందని కేకలు పెట్టుకుంటూ ఎక్కేవాళ్లం. బజార్న పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

ఇక మా అమ్మ. మగతోడు లేకుండా పంపనంది. ఆ తోడు వాళ్ల తమ్ముడు శేషయ్య. మా మామయ్య మాటల్లో పులి. నోరు తెరిస్తే పాముల్ని పట్టిన కథలు, దొంగల్ని తరిమిన కథలు. బయల్దేరే ముందు అమ్మ ఆయన తువ్వాలు చివర ఎండుమిరపకాయలూ ఉప్పూ మూటగట్టింది. "గుండెక్కే ముందు పిల్లలకి దిష్టి తీసి నిప్పులో వెయ్యరా, మర్చిపోకు" అంది. టీచర్‌కి ఈ సంగతి తెలియదు. దారిలో టీచర్ ఆయన్ని కూడా అడిగింది, "శేషయ్య గారూ, మీకు కొండలు అలవాటేనా? భయమేస్తే చెప్పాలి, ఇది మా రూలు" అని. "భలేవారే టీచరమ్మా! నాకేం భయం?" అని మీసం దువ్వాడు.

కొండ మీద సగం పైన అరుగులాంటి చదును ఉంది. అక్కణ్ణుంచి నున్నటి ఏటవాలు బండ, దాని మీద పైదాకా ఒకే ఒక్క చీలిక. వేళ్లు, కాలివేళ్లు ఆ చీలికలోనే పెట్టుకుంటూ ఎక్కాలి, వేరే దారి లేదు. బండ దాటితే గద్దగుండు పాదం. ఆ గుండు అవతలి వైపు చూరు కింద పెద్ద పెద్ద తేనెతుట్టెలు వేలాడుతుంటాయి. అందుకే టీచర్ అరుగు మీద ఆపి మరీ చెప్పింది. "ఇక్కణ్ణుంచి అరుపుల్లేవు. భయమేసినా మెల్లగా చెప్పండి." నేను రెండోదాన్ని. ఎండకి బండ అప్పుడే వెచ్చబడింది. ఒక్కసారి వెనక్కి చూశాను. కింద కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రెర్రగా మడులు మడులుగా కనిపించాయి. చీలికలో వేళ్లు ఇంకాస్త లోపలికి దూర్చాను. భయమేస్తోంది టీచర్ అని గుసగుసగా అన్నాను. సరే, అంది పైనుంచి.

మేం ఆరుగురం, టీచరూ బండ దాటి గుండు పాదం దగ్గర చేరాం. కొన ఇంకెంతో లేదు, ఇంకో రెండు పట్లు పడితే గుండు నెత్తిన కూర్చుంటాం. అప్పుడు ముక్కుకి ఘాటు తగిలింది. మొదట నాకేం అర్థం కాలేదు, కొండ మీద ఎవరు మిరపకాయలు వేయిస్తారు? కిందికి చూస్తే అరుగు మీద ఎండుగడ్డి మంట, పొగ. అమ్మ చెప్పిన దిష్టి సంగతి అప్పుడు గుర్తొచ్చి, మామయ్య కిందనుంచే మా వైపు మూడుసార్లు తిప్పి నిప్పులో వేసి, మమ్మల్ని అందుకోవాలని హడావిడిగా చీలిక పట్టుకొని ఎక్కుతున్నాడు. పొగ బండ వెంట సాగి మమ్మల్ని దాటి గుండు చూరు కిందికి పోయింది. నా పక్కనున్న పద్మ దగ్గింది. ఆ తర్వాత అవతల వైపునుంచి తేనెటీగల మోత మొదలైంది.

"కూర్చోండి. చున్నీలు తలకి చుట్టుకోండి. ఎవరూ చేతులు విసరొద్దు" అంది టీచర్, గొంతు పెంచకుండానే. ఈగలు మమ్మల్ని కుడుతున్నాయి. పద్మ చెంప మీద, నాకు మెడ మీద. అక్కడే ఉంటే చచ్చిపోతామని నాకు తెలుసు. దిగడానికి ఉన్నది ఆ చీలిక ఒక్కటే. దాని మధ్యలో మామయ్య బల్లిలా అంటుకొని ఉన్నాడు. పైకి రాడు, కిందికి దిగడు. ఆయన తల మీద ఈగలు. "మామయ్యా దిగు!" అని నేను ఏడుస్తూ అన్నాను. ఆయన కళ్లు మూసుకొని, "నాకేం భయం? మీరు పదండి" అన్నాడు.

టీచర్ ఆ మాట విని నా వంక చూసింది. "కదల్లేకపోతున్నాడు" అంది. నడుము ముడి విప్పి, పసుపు చున్నీ పళ్లతో పట్టుకొని, వెనక్కి తిరిగి చీలికలోకి దిగింది. తలకి ఏమీ లేదు ఆవిడకి. ఆయన పక్కన ఒక చేత్తో వేలాడుతూ రెండో చేత్తో చున్నీ ఆయన తల మీద కప్పింది. ఈగలు ఆవిడ చెవుల మీద వాలుతుంటే నేను చూస్తూనే ఉన్నాను. తిడుతుందనుకున్నాను. నిప్పు పెట్టినందుకు, దారికి అడ్డం ఉన్నందుకు. ఆవిడ, "శేషయ్య గారూ, నాకు భయమేస్తోందండీ" అంది.

ఆ మోతలో పసుపు చున్నీ కిందనుంచి చిన్నపిల్లాడి గొంతులాంటి గొంతు, "నాక్కూడానమ్మా" అంది.

"సరే. చెప్పారుగా. ఇప్పుడు ఎడమకాలు ఎక్కడ పెడతారో చెప్పండి."

"కనపట్టంలేదమ్మా."

"జానెడు కింద గంటు ఉంది. కాలితో తడమండి. దొరికిందా? ఆఁ. ఇప్పుడు కుడి."

అలా ఒక్కో కాలూ అడుగుతూ, ఒక్కో కాలూ చెప్పిస్తూ ఆయన్ని అరుగు దాకా దింపింది. ఆయన వెనకే మేం దిగాం. మామయ్య అరుగు మీద విడిచిన చెప్పులు తొడుక్కొని నిప్పు తొక్కేసి, సీసాల్లో నీళ్లన్నీ దాని మీద పోశాడు. ఈగలు తరుముతుంటే ముళ్లకంపల కిందుగా పాక్కుంటూ పోయాం. చేల గట్టు మీదికి చేరేసరికి టీచర్ ముఖం గుర్తుపట్టేలా లేదు, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చేలో కాయలు కోస్తున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి మంచినీళ్లిచ్చారు. నేను టీచర్ పక్కన కూర్చొని అడిగాను. "మామయ్య కోసం అబద్ధం చెప్పారు కదా టీచర్, భయమని?"

"అబద్ధమా?" అని నీళ్లసీసా నా ఒళ్లో పడేసింది. "ఆ మూత తియ్యి. ఇందాకట్నుంచి చూస్తున్నా, నా చేతులకి రావట్లేదు." చూశాను. రెండు చేతులూ వణుకుతున్నాయి. నేను నమ్మిన ఆ గొంతు ఈ వణుకులోంచే వచ్చిందా అని నాకు ఆశ్చర్యమేసింది. ఆవిడ మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, మూత తీయడం మర్చిపోయి ఏడుస్తూ కూర్చున్నాను. "ముందు నీళ్లియ్యవే తల్లీ" అంది.

తర్వాత స్కూల్లో పెద్ద గొడవే అయింది. టీచర్‌ని బదిలీ చేయించాలని కొందరు హెడ్మాస్టరు మీదికి పోయారు. వాపు తగ్గకముందే మామయ్య వెళ్లి, నిప్పు పెట్టింది నేను, ఆవిణ్ణి అంటే ఊరుకోనని చెప్పి వచ్చాడు. అంతవరకు నిజమే చెప్పాడు. టీ కొట్టు దగ్గర మాత్రం ఈగల్ని తరిమికొట్టిన కథ రోజుకింత పెరిగింది. టీచర్ విని పకపకా నవ్వింది గాని ఒక్కనాడూ ఆయన పరువు తీయలేదు. భయమని బండ మీద ఆయన ఒప్పుకున్న మాట మేమూ ఎవరికీ చెప్పలేదు. ఆ ఏటినుంచి కొండ ప్రయాణం మాన్పించారు. నేను గద్దగుండు ఎక్కనే లేదు.

ఈ ఉదయం ఘాటు ఇంకా పూర్తిగా పోలేదు. నేను వెళ్లి మామయ్య కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. తిట్టాలనిపించింది, బతిమాలాలనిపించింది. కానీ నిజానికి నాలో ఉన్నది ఆ రెండూ కాదు.

"మామయ్యా, నాకు భయమేస్తోంది" అన్నాను.

"అదేం మాటే, బయల్దేరే వేళ!" అని అత్తయ్య కసిరింది. మామయ్య గోడ మీదనుంచి చూపు తిప్పి నా వంక చూశాడు. చెయ్యి అలవాటుగా తెల్లబడ్డ మీసం మీదికి పోయి, దువ్వకుండానే ఒళ్లోకి దిగింది.

"నాక్కూడానే" అన్నాడు.

ఆ తర్వాత ఏమనాలో నాకు తెలుసు. "సరే. చెప్పావుగా. ఇప్పుడు ఎడమకాలు ఎక్కడ పెడతావో చెప్పు."

ఆయన కిందికి చూసుకున్నాడు. నా భుజం పట్టుకొని మెల్లగా లేచి, కాలితో తడుముకుంటూ ఎడమ చెప్పు తొడుక్కున్నాడు.